తలలు లెక్కించండి, టోపీలను కాదు

సూర్యలంక సముద్ర తీరానికి మంచి రోజులు రానున్నాయంటున్నారు. స్వదేశ్ దర్శన్ 2.0 పథకం కింద ఈ తీరం అభివృద్ధికి కేంద్ర ప్రభుత్వం సుమారు 97 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ తీరం తెనాలి, రేపల్లె ప్రాంతాల సామాన్య కుటుంబాలకు తక్కువ ఖర్చుతో చేరుకోగల విహార స్థలం. కార్తిక పౌర్ణమికి సముద్ర స్నానానికి వచ్చే హిందూ సోదరులూ, ఈద్ మరునాడు పిల్లాపాపలతో వచ్చే ముస్లిం కుటుంబాలూ కూర్చునేది ఇక్కడ ఒకే ఇసుకపైన. కనుక అక్కడ ఏమేమి కట్టాలన్న చర్చతోపాటు మరో ప్రశ్న కూడా ఇప్పుడే అడగవలసి ఉంది. 2020 నాటి వంటి మహమ్మారి మళ్లీ వస్తే ఈ తీరాన్ని తిరిగి ఎలా తెరుస్తారు?

మూయడానికి ఒక ఉత్తర్వు చాలు. 2020 మార్చి 25న దేశమంతా మూతపడింది అలాగే. తెరవడం అంత తేలిక కాదు. ఎందరిని రానివ్వాలి, ఎవరిని ముందు రానివ్వాలి, వారు ఎలా వస్తారు, అక్కడ పనిచేసేవారికి రక్షణ ఏమిటి అన్న ప్రశ్నలన్నిటికీ ముందే సమాధానం సిద్ధం చేసుకోవాలి. ఆ సిద్ధత లేనిచోట తెరవడమంటే తాళం తీసి జనాన్ని వారి అదృష్టానికి వదిలేయడమే అవుతుంది.

అనుభవాలు మన ముందున్నాయి. తిరుమలలో 2020 జూన్ 11 నుంచి పరిమిత సంఖ్యలో సామాన్య భక్తులకు దర్శనం మొదలుపెట్టారు. తాజ్‌మహల్‌ను సెప్టెంబరు 21న తెరిచినప్పుడు రోజుకు ఐదు వేల మందికే అనుమతి ఇచ్చారు. మక్కాలో ఉమ్రాను అక్టోబరు 4న రోజుకు ఆరు వేల మందితో ప్రారంభించి, అదే నెల 18 నుంచి పదిహేను వేలకు, నవంబరు 1 నుంచి ఇరవై వేలకు పెంచారు. ఆ సంవత్సరం హజ్ సుమారు వెయ్యిమందితోనే ముగిసింది. ముందుగా సంఖ్య నిర్ణయించి, ఆ పైన మెట్టు మెట్టుగా ముందుకు పోవడం వీటన్నిటిలోనూ కనిపించే పద్ధతి. మరో పాఠమూ ఉంది. తిరుమలలో దర్శనాలు మొదలైన కొద్ది వారాలకే అర్చకులూ ఉద్యోగులూ పలువురు వ్యాధి బారిన పడ్డారు. సందర్శకుడు ఒక పూట ఉండి వెళ్లిపోతాడు. పనివాడు రోజంతా, ప్రతి రోజూ అక్కడే ఉంటాడు. ప్రమాదంలో ఎక్కువ వాటా అతనిదే.

అయితే సూర్యలంకకు తాజ్‌మహల్ వంటి ప్రహరీగోడ లేదు, టికెట్ చూసి లోనికి పంపే ద్వారమూ లేదు. ఇక్కడ ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో ముందుగా గుర్తించాలి. కరోనా ప్రధానంగా ఊపిరి ద్వారా, గాలి ఆడని చోట్ల వ్యాపించింది. కడలి గాలి వీచే విశాలమైన ఇసుక తిన్నెపై ఎడంగా కూర్చున్న కుటుంబానికి ఉన్న ప్రమాదం స్వల్పం. పదిమందిని కుక్కిన షేర్ ఆటోలో, కిటికీలు మూసిన బస్సులో, ఇరుకైన హోటల్ గదిలో, స్త్రీలు బట్టలు మార్చుకునే గదిలో అదే కుటుంబానికి ఉన్న ప్రమాదం చాలా ఎక్కువ. మన స్త్రీలు ఆరుబయట దుస్తులు మార్చుకోరు. కనుక ఆ గదులు చాలినన్ని లేకపోయినా, వాటికి పైభాగాన గాలి ఆడే ఏర్పాటు లేకపోయినా వరుసలో నిలబడి నష్టపోయేది వారే. ఇప్పుడు కట్టబోయే గదుల్లోనే ఈ ఏర్పాటు చేస్తే పెద్దగా ఖర్చు కాదు. మనుషులపై రసాయనాలు చల్లడం మేలు చేయదని, హాని చేస్తుందని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్‌లోనే హెచ్చరించింది. చూపరుల తృప్తికోసం చేసే అటువంటి తతంగాలకన్నా ఒక కిటికీ మేలు.

ఈ లెక్కన సూర్యలంక ద్వారం సూర్యలంకలో లేదు. తెనాలి నుంచి వచ్చేవారికి అది రైల్వేస్టేషన్‌లో ఉంది. రేపల్లె నుంచి వచ్చేవారికి 216వ జాతీయ రహదారిపై ఎక్కే బస్సులో ఉంది. జనాన్ని తీరం దాకా రానిచ్చి, అక్కడ లాఠీలతో వెనక్కి తరమడం నియంత్రణ కాదు. బయలుదేరేచోటే ఆ రోజు ఖాళీ ఉన్నదీ లేనిదీ తెలియాలి. 2020లో ఈ మూడు పట్టణాలూ ఒకే గుంటూరు జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడ్డాక రేపల్లె, బాపట్ల ఒక జిల్లా అయ్యాయి, తెనాలి గుంటూరులోనే మిగిలింది. రేపు ఆపద వస్తే బాపట్లలో తీసుకున్న నిర్ణయం తెనాలి ప్రయాణికుడికి ఇంటి దగ్గరే తెలిసేలా రెండు జిల్లాల యంత్రాంగాలూ ఇప్పుడే ఒక ఒప్పందానికి రావాలి.

తెరవడం ఎవరికోసం అన్నది తరువాతి ప్రశ్న. 2020 మార్చి 22 అర్ధరాత్రి ఆగిన ప్యాసింజర్ రైళ్లు నెలల తరబడి పట్టాలెక్కలేదు. సొంత కారు ఉన్నవారికి దారులు తెరుచుకున్నాయి గాని, రైలునే నమ్ముకున్న కుటుంబానికి ఊరు దాటడమే గగనమైంది. బస్సులూ రైళ్లూ నడవని రోజుల్లో తీరాన్ని తెరిస్తే అది పేదలకు తెరిచినట్లు కాదు. స్మార్ట్‌ఫోన్ యాప్ ద్వారానే అనుమతి ఇస్తామన్నా అంతే. బస్టాండులో, స్టేషన్‌లో ఉచితంగా కాగితపు టోకెన్లు ఇవ్వాలి. సూచనలు తెలుగుతోపాటు ఉర్దూలోనూ ఉండాలి.

తీరం మూతపడితే మనం కోల్పోయేది ఒక విహారం. అక్కడ తోపుడు బండి నడిపేవాడు కోల్పోయేది ఆ పూట భోజనం. ఇది మన సమాజానికి మరీ దగ్గరి విషయం. ముస్లిం పురుష శ్రామికులలో 12 శాతానికి పైగా వీధి వ్యాపారులేనని, దేశ సగటు 8 శాతం లోపేనని 2006లో సచార్ కమిటీ నివేదిక తేల్చి చెప్పింది. 2020లో కేంద్రం పీఎం స్వనిధి కింద, రాష్ట్రం జగనన్న తోడు కింద పదివేల రూపాయల చొప్పున రుణాలిచ్చాయి. మేలే. కాని రుణం పరిహారం కాదు. ప్రజారోగ్యం కోసం ప్రభుత్వమే వ్యాపారం ఆపించినప్పుడు ఆ రోజుల కూలి భారాన్ని చిరువ్యాపారి ఒక్కడి నెత్తిన వేయడం అన్యాయం. జ్వరంతో ఉన్న వ్యాపారి ఇంట్లో ఉండిపోవాలంటే ఇంట్లో గింజలు ఉండాలి. లేకుంటే అతడు జ్వరాన్ని దాచిపెట్టి బండి తోసుకుని వస్తాడు. అతని ఆకలి తీర్చడం దానం కాదు, అందరి ఆరోగ్య రక్షణలో భాగం.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలలో వ్యాపారుల ప్రతినిధులు కనీసం నలభై శాతం ఉండాలి. వారిలో మూడో వంతు స్త్రీలు కావాలి. దళితులు, గిరిజనులు, వెనుకబడిన వర్గాలతోపాటు మైనారిటీలకూ తగిన చోటు ఇవ్వాలని చట్టమే చెబుతోంది. ఆ చట్టం పట్టణాల కోసం చేసినదే అయినా, సూర్యలంక తీరానికీ అదే తీరున ఒక కమిటీ వేయడానికి ఏ అడ్డంకీ లేదు. ఎవరు ఏ రోజు బండి పెట్టాలో, బండికీ బండికీ ఎంత ఎడం ఉండాలో బండి తోసేవారు కూడా కూర్చుని నిర్ణయించాలి.

ఇక మన మనసులో ఇప్పటికీ మానని గాయం సంగతి. 2020 మార్చి చివర నిజాముద్దీన్ మర్కజ్ ఉదంతం తరువాత వ్యాధికి మతం అంటగట్టారు. దేశంలో చాలాచోట్ల ముస్లిం కూరగాయల వ్యాపారులను వీధుల్లోకి రానివ్వలేదు. వ్యాధి వ్యాప్తికి ఏ వర్గాన్నీ, ఏ ప్రాంతాన్నీ బాధ్యులుగా ముద్ర వేయరాదని కేంద్ర ఆరోగ్య శాఖ ఏప్రిల్‌లోనే సూచించింది. ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. తీర్పు వచ్చేసరికి పోయిన పరువూ, పోయిన బేరాలూ తిరిగి రాలేదు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో హరిద్వార్ కుంభమేళాకు లక్షలాదిగా జనం చేరినప్పుడు ఆ నిందలు వినిపించలేదు. ఆ యాత్రికులను దూషించాలన్నది మా ఉద్దేశం కాదు. ఎవరినీ దూషించరాదనే మేము కోరేది. పరిమితి వెయ్యి అయితే కార్తిక పౌర్ణమికీ వెయ్యే, ఈద్‌కూ వెయ్యే. మైకులో ప్రకటన ఏ వర్గం పేరూ ఎత్తకూడదు. లెక్కించవలసింది తలలను, టోపీలను కాదు.

న్యాయం కోరే సమాజం తన వంతు బాధ్యతను మరువరాదు. అంటువ్యాధి ఉన్న ఊరిలోకి వెళ్లవద్దని, అందులో ఉన్నవారు బయటకు రావద్దని దైవప్రవక్త (స) ఉపదేశించారు. ఆ మాట విని హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రయాణం మానుకుని వెనుదిరిగారు. 2020లో మనం ఈదుల్ ఫిత్ర్ నమాజును ఇళ్లలోనే చేసుకున్నాం. జూన్‌లో మసీదులు తెరుచుకున్నాక ఇంటివద్దనే వజూ చేసుకుని, ఎవరి జానమాజ్ వారు తెచ్చుకుని, ఎడంగా నిలబడ్డాం. భుజం భుజం కలిపి నిలబడే సఫ్‌లోనే దూరం పాటించగలిగిన వారికి సముద్రపు ఒడ్డున పాటించడం కష్టం కాదు. మూడు పట్టణాల మసీదు కమిటీలు ఈద్ విహారాలను ఒకే రోజు కాక మూడు నాలుగు రోజులకు పంచితే, జుమా రోజున ఆ సంగతి ప్రకటిస్తే, సగం రద్దీ పోలీసుల అవసరం లేకుండానే తగ్గుతుంది.

తీరంలో పునాదులు పడే దశలోనే బాపట్ల జిల్లా యంత్రాంగం తెరిచే ప్రణాళికను రాసి ప్రజల ముందు పెట్టాలని కోరుతున్నాం. అందులో రోజుకు ఎందరికి అనుమతి అన్నది ఉండాలి. బస్సుల సంఖ్య, గాలి ఆడే గదులు, చాలినంత మంచినీరు, తీరాన్ని కనిపెట్టుకుని ఉండే గజ ఈతగాళ్లు, మూసిన రోజులకు చిరువ్యాపారులకిచ్చే భృతి, అందరికీ ఒకే నియమమన్న హామీ ఉండాలి. ఈ కాగితం ఆపద వచ్చాక రాసేది కాదు. మన పెద్దలూ, యువజన సంఘాలవారూ ఈ నెలలోనే ఒక వినతిపత్రంతో కలెక్టరును కలవాలి. ఆ బృందంలో ఒక ఆటో డ్రైవరూ, తీరంలో బండి నడిపే ఒక సోదరీ తప్పక ఉండాలి. మనకన్నా వారికే ఈ విషయం బాగా తెలుసు.