మెడలోని బిళ్ళలు



"పుండు నాలుకమీద నుండగా మెడ కోయుట యెందులకు?" అని మా పినతల్లి వైద్యుని నిలదీసినది. పుండు మిక్కిలి చిన్నది. మెడ తడవి చూడగా బిళ్ళ యేదియు చేతికి తగులలేదు, స్కానింగులోను కానరాలేదు. నేనును ఆమె పక్షముననే వాదించితిని. వైద్యుడు చెప్పిన సమాధానము మీకును పనికివచ్చునని వ్రాయుచున్నాను.

నోరు పూసినపుడు దవడక్రింద నొప్పిపెట్టు బిళ్ళలను మీరెరుగుదురు గదా! వానికి లసికాగ్రంథులని పేరు. నాలుకనుండి వెడలిన క్యాన్సరు కణములు సామాన్యముగా మొదట చేరునది వీనిలోనే. బిళ్ళ చేతికి తగులునంత పెరుగకముందే అవి లోపల దాగియుండవచ్చును. బిళ్ళను తీసి, సన్నని పొరలుగా కోసి, సూక్ష్మదర్శినితో చూచినగాని నిశ్చయము తెలియదు. కనీసము 18 బిళ్ళలైన పరీక్షకు దొరకవలెనని నిపుణులందురు. ఒక్కదానిలో వ్యాధి కనబడినను, మొదటి దశ యనుకొన్నది మూడవ దశ యగును. తరువాతి చికిత్సయు మారవచ్చును.

ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రివారు తొలిదశ నోటి క్యాన్సరుగల 500 మంది ఫలితములను 2015లో ప్రకటించిరి. పుండుతోపాటు మెడలోని బిళ్ళలను గూడ తీసివేయించుకొన్నవారిలో మూడేండ్లకు నూటికి 80 మంది జీవించియుండిరి. బిళ్ళ కనబడిన పిమ్మట చూతమని వేచినవారిలో ఆ సంఖ్య సుమారు 67 మాత్రమే.

అయినను అందరికిని ఒకే పద్ధతి కాదు. కంఠములోని స్వరతంత్రులయందు లసికానాళములు స్వల్పము గనుక, అచ్చటి తొలిదశ క్యాన్సరు బిళ్ళలకు ప్రాకుట అరుదు. వానికి పైభాగమున పుట్టినదో, త్వరగా ప్రాకును. శస్త్రచికిత్సవలన భుజము బలహీనపడుట, మెడ తిమ్మిరెక్కుట కలుగవచ్చును. కావున ముందే విచారించి తెలిసికొనవలయును.

మా పినతల్లి తుదకు సమ్మతించినది. తీసిన బిళ్ళలలో ఒకదానియందు వ్యాధి యున్నది! ఆ వార్త విన్ననాడు నా వాదము తలచుకొని సిగ్గుపడితిని. కిరణచికిత్సయు జరిగినది. ఇప్పుడామె కుడిచేయి పైకెత్తుటకు కొంచెము కష్టపడును. కాని మనుమలకు కథలు చెప్పుచున్నది.

మూడు వారములకు మానని నోటిపుండును ఉపేక్షింపకుడు. శస్త్రచికిత్స జరిగినచో, "ఎన్ని బిళ్ళలు తీసితిరి? ఎన్నింటిలో వ్యాధి యున్నది?" అని తప్పక అడుగుడు. అడుగుట అవిధేయత కాదు.