ఈ ఆడిలో నాటబోయే మొక్కల గురించి

ఈసారి 500 మొక్కలు తెప్పించి నాటుదామని కమిటీలో మాట వచ్చింది. మేము 50 చాలు అంటున్నాము. పిసినారితనం అనుకోకండి.

మన వాల్పారైలోనే చూడండి. ఆనమలై కొండల మీద తేయాకు, కాఫీ తోటల నడుమ పాత వర్షారణ్యం ముక్కలు ముక్కలుగా మిగిలింది. సింగవాలు కురంగులు ఉండేది ఆ ముక్కల్లోనే. టి.ఆర్. శంకర్ రామన్, దివ్యా ముదప్ప అనే శాస్త్రవేత్తలు ఇద్దరూ నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ తరఫున 20 ఏళ్లకు పైగా వాటిని బాగుచేస్తూ అక్కడే ఉన్నారు. అంతకు ముందు శంకర్ రామన్ మిజోరంలో, పోడు కొట్టి వదిలేసిన నేలకు పక్షులు ఎలా తిరిగి వస్తాయో లెక్క కట్టారు. పోడు వాళ్లే అడవిని పాడుచేస్తారని అందరూ అనే మాట. కానీ టేకు, ఆయిల్ పామ్ తోటల్లో కన్నా పోడు నేలల్లోనే అడవి పక్షులు ఎక్కువని 2016లో ఆయన, మరొకరు కలిసి చూపించారు. వరసగా చెట్లు నిలబెట్టినంత మాత్రాన అడవి అయిపోదు.

వాల్పారైలో ముందు లంటానా పొదలు తీస్తారు (అరవంలో ఉణ్ణిచెడి, మన ఊళ్లోనూ ఉంది). తీసేటప్పుడు తమంతట మొలిచిన అడవి మొక్కలను మాత్రం ముట్టరు. దారి పక్కన రాలిన గింజలు ఏరి నర్సరీలో పెంచి, వానల్లో రకరకాలు కలిపి నాటుతారు. తరువాత ఏళ్ల తరబడి లెక్క. ఇలా నాటి 7 నుంచి 15 ఏళ్లైన చోట్లను ఊరికే వదిలేసిన చోట్లతో పోల్చి 2019లో ఫలితం అచ్చువేశారు. నాటిన చోట చెట్లూ ఎక్కువ, రకాలూ ఎక్కువ. అయినా పాత అడవి అంత కాలేదు. పెద్ద అడవికి దూరంగా ఉన్న ముక్కలకే నాటడం వల్ల మేలు ఎక్కువట. దూరానికి గింజలు వాటంతట రావు కదా. మన పిల్లల తెలుగు గుర్తొచ్చింది మాకు, ఆ మాట ఇంకోసారి.

నాటిన రోజు ఫోటోలు మన గ్రూపులో బోలెడు ఉన్నాయి. మరుసటి ఎండాకాలం ఫోటో ఒక్కటి లేదు. అందుకే 50. కానుగ, వేప, నేరేడు, ఇక్కడి మట్టిలో బతికేవే. ఇంటికొక మొక్క, రెండు ఎండాకాలాలు నీళ్లు ఆ ఇంటివాళ్లే పోయాలి. రిజిస్టరు మేము రాస్తాము, గూడ్సు ఆఫీసులో వ్యాగన్లు లెక్క రాసిన చెయ్యి ఇది. పేర్లు ఇవ్వండి. మొదటి లెక్క పొంగలి తరువాత వచ్చే ఆదివారం.