లేవలేకపోవడం బద్ధకం కాదు

పోస్టు పొడుగ్గానే ఉంది. హాస్టల్లో ఉండే అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు చివరిదాకా చదవండి.

మా రూమ్‌లో ఒక చెల్లి ఉంది. డిగ్రీ సెకండియర్. ఆమెను అడిగే రాస్తున్నాం, పేరు మాత్రం రాయం. పోయినేడాది దసరా సెలవుల తర్వాత నుంచి మెట్లెక్కాలంటే రెయిలింగ్ పట్టుకునేది. బాత్రూమ్‌లో కూర్చుంటే గోడ పట్టుకుని లేచేది. జడ వేసుకోడానికి చేతులు పైకి లేచేవి కావు, మేమే వేసేవాళ్లం. వేస్తూ "మహారాణీ" అని నవ్వేవాళ్లం కూడా. స్టడీ అవర్‌కి లేటని నిలబెట్టారు. రక్తం తక్కువని ఐరన్ మాత్రలు ఇచ్చారు. ఊరికి పోతే చిల్లంగి అన్నారు. రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎక్కువ వస్తే కామెర్లని పసరు పోశారు. నాలుగు నెలలు ఇలాగే పోయాయి.

చివరికి పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఆమె కనురెప్పల మీది రంగు, వేళ్ల కణుపుల మీది మచ్చలు చూసి సీపీకే పరీక్ష రాశారు. జబ్బు పేరు డెర్మటోమయోసైటిస్.

మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే మన కండరాల మీద పడితే వచ్చే వాపు జబ్బుల్లో ఇదొకటి. అంటుకోదు. ఎక్కువగా తొడలు, తుంటి, భుజాల కండరాలు దెబ్బతింటాయి. నొప్పి పెద్దగా లేకపోవచ్చు, కానీ బలం ఉండదు. బిందె నెత్తికెత్తుకోలేకపోవడం, కింద కూర్చుని లేవలేకపోవడం దీని గుర్తులు. పాడైన కండరం నుంచి సీపీకే రక్తంలోకి వస్తుంది. చాలామందిలో అది వేలల్లోకి పోతుంది, కొందరిలో మామూలుగానే ఉండొచ్చు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కూడా కండరాల నుంచి వస్తాయి, అందుకే లివర్ జబ్బని పొరపడతారు. మచ్చలు తెల్లటి ఒంటి మీద ఎర్రగా, ఊదాగా కనిపిస్తాయి. మనలాంటి నల్లటి ఒంటి మీద ముదురు గోధుమ రంగులో ఉంటే ఎండకు కమిలిందనుకుంటాం.

ఇక మా తప్పు. మందులు మొదలయ్యాక స్టెరాయిడ్ వల్ల ఆమె మొహం ఉబ్బింది. మళ్లీ మా నోరు ఊరుకోలేదు. ఆ మాటలకి సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసింది. రెండు వారాల్లో మంచం మీంచి లేవలేకపోయింది. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చని, డాక్టరే మెల్లగా తగ్గించాలని అప్పుడు తెలిసింది. ఈ జబ్బుకి మెథోట్రెక్సేట్ కూడా రాస్తారు. అది వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే విషమే. చదువు రాని అమ్మానాన్నలకి ఆ చీటీ చదివి చెప్పాల్సింది మనమే.

మింగుడు పడకపోయినా, ఆయాసం వచ్చినా, పొడి దగ్గు వదలకపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోండి. పెద్దవాళ్లకి ఈ జబ్బు వస్తే క్యాన్సర్ ఉందేమో కూడా చూస్తారు, భయపడి తప్పించుకోవద్దు. ఎండలో ఒళ్లు కప్పుకోవాలి. పూర్తిగా పడుకోబెట్టడమూ మంచిది కాదు, ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామం బలం తెస్తుంది.

మేము అడిగేది ఇది. 2023లో సికిల్ సెల్ మిషన్ మొదలైంది, మన పిల్లలకు రక్తపరీక్షలు చేస్తున్నారు. మంచిదే. కానీ మన ఒంట్లో ప్రతి నీరసమూ రక్తహీనతే అనుకుంటే ఎలా? లేవలేనివాళ్లకి ఏజెన్సీ ఏరియా ఆసుపత్రిలోనే సీపీకే చేయాలి. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది, నిజమే. కొండమీది నుంచి నెలనెలా అంత దూరం పోవాలంటే కూలి, బస్సు చార్జీ ఎవరిస్తారు? ఒకసారి పెద్ద డాక్టర్ రాసిన మందులు, పరీక్షలు ఐటీడీఏ పరిధిలోనే దొరకాలి. హాస్టల్లో ఇలాంటివాళ్లకి కింది అంతస్తులో గది, ఒక వెస్టర్న్ కమోడ్ ఇవ్వాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కాదు.

ఆమె ఇప్పుడు నడుస్తోంది. మెట్లు మెల్లగా ఎక్కుతోంది. జడ మాత్రం ఇంకా మేమే వేస్తున్నాం, నవ్వకుండా. మీ గదిలో ఎవరైనా గోడ పట్టుకుని లేస్తుంటే బద్ధకం అనే ముందు ఒక్కసారి అడగండి. ఏఎన్ఎం దగ్గరికి మీరే తోడు వెళ్లండి.

జోహార్.