వీడియో ఎడిటింగుకి కొత్త కంప్యూటరా? కాస్త ఆగండి

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న పాపానికి చుట్టాలందరికీ మనమే ఉచిత హార్డ్‌వేర్ సలహాదారులం. ప్రింటరు కదలకపోయినా, టీవీకి వైఫై అందకపోయినా ఫోను మనకే. అది పోనీయండి. ఈ మధ్య తరచుగా వస్తున్న ప్రశ్న ఇంకొకటుంది: "4కే వీడియో ఎడిట్ చేస్తుంటే సిస్టమ్ ఆగి ఆగి నడుస్తోంది, ఏం కొనాలి?" దీనికి మనవాళ్ళు టక్కున చెప్పే సమాధానం వింటే నాకు ఒళ్ళు మండుతుంది. "పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేసెయ్, ర్యామ్ 64 చేసెయ్." అదే ఆఫీసులో ఒక క్వెరీ నెమ్మదిగా వస్తోందంటే కొత్త సర్వర్ కొనమంటామా? ఎగ్జిక్యూషన్ ప్లాన్ చూస్తాం, ప్రొఫైలర్ పెడతాం, లాగులు తవ్వుతాం. ఇంటి దగ్గరకొచ్చేసరికి ఆ బుద్ధి ఎటు పోతుందో మరి. పైగా ఇక్కడ ఖర్చయ్యేది కంపెనీ డబ్బు కూడా కాదు.

మా మేనత్త కొడుకు తెనాలిలో పెళ్ళి వీడియోలు తీస్తాడు. వాడి డెస్క్‌టాప్ 2020లో కొన్నది: రైజెన్ 5 3600, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1660 సూపర్. 1080పీ ఉన్నన్నాళ్ళూ బాగానే పరిగెత్తింది. 2024లో కెమెరాలు మార్చి 4కేకి వెళ్ళాక మొదలయ్యాయి తిప్పలు. టైమ్‌లైన్ మీద కర్సర్ జరిపితే రెండు మూడు సెకన్లకి గానీ బొమ్మ కదలదు. షాపువాడు రైజెన్ 9, ఆర్‌టీఎక్స్ 4070 పెట్టి లక్షా ఎనభై వేలకి కొటేషన్ రాసిచ్చాడు, వాయిదాల మీద. "బావా, మాఘమాసం ముహూర్తాలు వచ్చేస్తున్నాయి, సంతకం పెట్టెయ్యనా?" అని డిసెంబర్లో ఫోను. వాడికది ఐదారు పెళ్ళిళ్ళ మిగులు.

"ఆగరా, ముందు వీడియో ప్లే చేసి టాస్క్ మేనేజర్ తెరువు" అన్నా. సీపీయూ 100 శాతం. డిస్కు పది శాతం కూడా లేదు. గ్రాఫిక్స్ కార్డు పేజీలో వీడియో డీకోడ్ అని చిన్న గ్రాఫు ఉంటుంది, అది సున్నా. కథంతా ఆ సున్నాలోనే ఉంది.

చాలామంది ముందు డిస్కుని అనుమానిస్తారు. లెక్క చూడండి. వాడి కెమెరా రికార్డు చేసేది సెకనుకి 140 మెగాబిట్లు, అంటే 17.5 మెగాబైట్లు. మామూలు హార్డ్‌డిస్కు కూడా అంతకు ఎన్నో రెట్లు చదువుతుంది. మూడు కెమెరాలు ఒకేసారి పక్కపక్కన పెట్టి కోసేటప్పుడు మాత్రం హెడ్డు అటూ ఇటూ గెంతుతుంది, అప్పుడు ఎస్ఎస్‌డీ కావాల్సిందే. కానీ ఒక్క క్లిప్పుకే బండి మొరాయిస్తుంటే రోగం డిస్కులో లేదు.

రోగం ఆ ఫైలుని విప్పడంలో ఉంది. హెచ్.265లో ప్రతి ఫ్రేమునీ పూర్తిగా దాచరు. మన బ్యాకప్పుల లెక్కే: ఆదివారం ఫుల్, మిగతా రోజులు ఇంక్రిమెంటల్. గురువారం డేటా కావాలంటే ఆదివారం నుంచి ఒక్కొక్కటీ పేర్చుకు రావాలి. సినిమా చూసేటప్పుడు వరసగా పోతాం కాబట్టి ఇబ్బంది తెలియదు. ఎడిటింగులో ముందుకీ వెనక్కీ లాగుతూ ఉంటాం కదా, లాగిన ప్రతిసారీ ఈ పేర్చుడే. పైగా 4కే ఫ్రేము అంటే 83 లక్షల పిక్సెళ్ళు, 1080పీకి సరిగ్గా నాలుగు రెట్లు.

ఈ పేర్చే పని చేయడానికి గ్రాఫిక్స్ చిప్పులో విడిగా ఒక సర్క్యూట్ ఉంటుంది. అసలు మెలిక ఇక్కడుంది. ఫోన్లు సాధారణంగా తీసే 4:2:0లో రంగు సమాచారం నాలుగో వంతే ఉంటుంది. వీడు కలర్ గ్రేడింగ్ కోసమని కెమెరాలో 10 బిట్ 4:2:2 పెట్టుకున్నాడు, అందులో సగం ఉంటుంది. ఎన్విడియా కార్డుల్లో 40 సిరీస్ వరకూ ఈ 4:2:2ని విప్పే సర్క్యూటే లేదు. 2025లో వచ్చిన 50 సిరీస్‌లో పెట్టారు. ఇంటెల్ వాళ్ళు మాత్రం 11వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల నుంచే లోపలి గ్రాఫిక్స్‌లో ఇస్తున్నారు. అంటే లక్షా ఎనభై వేలు పోసినా ఆ సున్నా సున్నాగానే ఉండేది! కోర్లు ఎక్కువ కాబట్టి కొంత మెరుగు కనిపించేది, కాదనను. మూడు కెమెరాలు పెడితే మళ్ళీ మొదటికే వచ్చేది. షాపువాడిని తిట్టి లాభం లేదు, అతను గేముల ఎఫ్‌పీఎస్ చూసి అమ్ముతాడు. మన సలహాలూ అవే బెంచిమార్కుల్లోంచి వస్తున్నాయి, నాకు బాధ అక్కడ.

మొదట ప్రాక్సీలు చేయించా. అంటే చిన్న సైజు నకళ్ళ మీద ఎడిట్ చేసి, చివర్లో అసలు ఫైళ్ళతో రెండర్ చెయ్యడం. పైసా ఖర్చు లేదు. కానీ మూడు కెమెరాలు, నాలుగు గంటల పెళ్ళి అంటే 750 జీబీ పైచిలుకు. నకళ్ళు తయారవడానికే ఒక రాత్రి పోతుంది. వరస ముహూర్తాల్లో ఆ రాత్రి వాడి దగ్గర ఉండదు. అందుకని రెండో స్లాట్లో ఇంటెల్ ఆర్క్ ఏ380 పెట్టించా. పదమూడు వేల లోపే అయింది. పాత కార్డు ఎఫెక్టులకి, ఇది విప్పడానికి. ప్రీమియర్‌లో ప్రిఫరెన్సెస్‌కి వెళ్ళి డీకోడింగుకి ఇంటెల్ టిక్కు పెట్టాలి, అది మరవకూడదు. ర్యామ్ 32 చేశాం. బొమ్మ కర్సర్ వెంట కదలడం మొదలెట్టింది, "ఇంతేనా బావా" అన్నాడు :)

మిగిలిన డబ్బులో కొంత పెట్టి రెండు పెద్ద హార్డ్‌డిస్కులు కొనిపించా. అప్పటిదాకా పెళ్ళిళ్ళన్నీ ఒకే డిస్కులో, ఒకే కాపీ! అది పోతే జీలకర్ర బెల్లం మళ్ళీ పెట్టమని ఎవర్ని అడుగుతాం?

పెద్ద కార్డు అక్కర్లేనిదని కాదు నేననేది. చీకటి మండపంలో తీసినవాటికి నాయిస్ రిడక్షన్ వేస్తే ముందూ వెనకా ఫ్రేములు కూడా కార్డు మెమరీలోకి రావాలి. 32 బిట్ ఫ్లోట్‌లో ఒక్క 4కే ఫ్రేమే 133 ఎంబీ ఉంటుంది. ఆ పని రోజూ చేసేవాళ్ళకి 6 జీబీ చాలదు. అందుకే ఏ పని, ఏ ఫైలు అని అడక్కుండా పార్టుల జాబితా రాసివ్వకండి. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల ధర్మమా అని ర్యామ్ ధరలు ఎలా ఎగబాకాయో తెలుసుగా, ఊరికే 64 రాసెయ్యడం ఇప్పుడు ఇంకా పాపం.

కొత్తగానే కొనేవాళ్ళుంటే ఒక మాట. ఇంటెల్ తీసుకుంటే మోడల్ నంబరు చివర ఎఫ్ ఉందేమో చూడండి. "కార్డు ఎలాగూ వేస్తున్నారు కదా సార్" అని కొంచెం తగ్గించి అంటగడతారు. ఎఫ్ ఉంటే లోపలి గ్రాఫిక్స్ పనిచేయదు, దాంతోపాటే ఆ డీకోడ్ సర్క్యూట్ కూడా పోతుంది.