మందనంతా ఒక్కచోటికి తోలితే...

గడ్డికి కాస్త గడువిస్తే మళ్లీ చిగురిస్తుంది. కాబట్టి మేతభూమిని భాగాలు చేసి కంచె వేసి, మందను ఒకదాని తర్వాత ఒకదాంట్లోకి తోలాలి. ఒకచోట మేస్తుంటే మిగతాచోట్ల గడ్డి పెరుగుతుంది! ఫ్రాన్స్‌కు చెందిన ఆంద్రే వాజా 1950ల్లో పుస్తకం రాసి మరీ ప్రచారం చేసిన పద్ధతి ఇది. వినగానే నిజమే కదా అనిపిస్తుంది. చిక్కల్లా అక్కడే.

అమెరికాలోని కొలరాడోలో, నన్ అనే ఊరి దగ్గర ప్రభుత్వ వ్యవసాయ శాఖకో ప్రయోగక్షేత్రం ఉంది. ఎవరూ విత్తని, సహజమైన గడ్డిమైదానం. ఏటా కురిసేది 340 మిల్లీమీటర్లే. మన అనంతపురమే నయం. అక్కడ 320 ఎకరాల చొప్పున ఇరవై బీళ్లు తీసుకున్నారు. పదింటిలో ఏడాది వయసు కోడెల్ని విడివిడిగా వదిలేశారు. మే నుంచి అక్టోబరు దాకా వాటి బీడు వాటిదే. మిగతా పదింటికీ కలిపి ఒకటే మంద, రెండొందలకు పైగా కోడెలు. రెండువైపులా మొత్తం సంఖ్య సమానం. మందను ఎప్పుడు కదపాలో తేల్చే నియమాలు పెట్టింది శాస్త్రవేత్తలు కాదు... పశుపోషకులు, ప్రకృతి సంరక్షకులు, ప్రభుత్వోద్యోగులు కలిసిన 11 మంది బృందం. సొంత అనుభవం మీద వాళ్లకు నమ్మకం ఉండటం సహజమే.

2014 నుంచి 2018 దాకా ఐదేళ్లూ తూకం వేశారు. విడిగా మేసినవి నూరు కిలోలు పెరిగితే, తిప్పి మేపినవి 84 నుంచి 88 కిలోలే పెరిగాయి! పోనీ గడ్డయినా బాగుపడిందా అంటే, కోరుకున్న రకాలు అదనంగా పెరిగిందీ లేదు.

కారణం కోడె నోటి దగ్గరే ఉంది. చోటుంటే అది ఏరుకు తింటుంది... లేత ఆకు అందుకుని ముదురు కాడ వదిలేస్తుంది. పదింతల మంద ఒకేచోట పడితే ఏరుకునే వీలేదీ? దొరికిందల్లా నమలాలి. ఎదిగే వయసులో కావలసిన మాంసకృత్తులు అందులో తక్కువ. పైగా వానలేని నేలలో కొరికిన గడ్డి వారాల్లో లేచిరాదు. వాజా లెక్క తడి ఉన్న పచ్చికకు సరిపోయేది.

అలాగని తిప్పి మేపడం దండగని కాదు. ఈ పద్ధతిలో ఏటా ఒకటి రెండు బీళ్లను మేపకుండా వదిలేయొచ్చు. కరవొస్తే మంద బతికేది ఆ గడ్డి మీదే. కాకపోతే కోడెలను అమ్మేది తూకం లెక్కన. ఆ నిల్వకు ఎన్ని కిలోలు వదులుకోవచ్చో తేల్చుకోవాల్సింది మంద యజమానే.