పదవికి గడువు మంచిదే, మోతాదు ముఖ్యం

ఎన్నికలు దగ్గరపడితే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: "ఈ పెద్దలు కుర్చీలు ఎప్పుడు వదులుతారు? కాంగ్రెస్‌కీ టర్మ్ లిమిట్స్ పెట్టాలి." నేనుండే కాలిఫోర్నియాలో రాష్ట్ర చట్టసభకు ఈ మందు 1990లోనే వేశారు. దాని ఫలితం ఒకసారి చూద్దాం.

ఆ ఏడాది ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 140 ప్రకారం అసెంబ్లీలో ఆరేళ్లు, సెనేట్‌లో ఎనిమిదేళ్లు. జీవితంలో అంతకు మించి కుదరదు. అప్పటికి విల్లీ బ్రౌన్ పదేళ్లుగా అసెంబ్లీ స్పీకర్.

లాభం కనిపిస్తూనే ఉంది. పదవిలో ఉన్నవారిని ఓడించడం ఇక్కడ కష్టం. పేరు, విరాళాలు వాళ్ల వైపే. గడువు ముగిస్తేనే కొత్తవాళ్లకు చోటు. 2016లో అలా ఖాళీ అయిన శాన్ హోసే సీటులో గెలిచే ఆష్ కాల్రా ఈ చట్టసభలో తొలి భారతీయ అమెరికన్ అయ్యారు.

నష్టమూ ఉంది. ఆరేళ్లలో మొదటి రెండేళ్లు పని నేర్చుకోవడానికే సరిపోతాయి, చివరి రెండేళ్లు తర్వాతి సీటు వెతుక్కోవడానికి. స్పీకర్లు కూడా చాలామంది రెండేళ్లకే మారిపోయారు. నీళ్లు, కరెంటు, పెన్షన్లు ఏళ్ల తరబడి సాగే లెక్కలు. సభ్యులకు గడువుంది కానీ లాబీయిస్టులకు లేదు. పాత సంగతులు తెలిసినవాళ్లనే కదా కొత్తవాళ్లు అడిగేది!

కెమిస్ట్రీ చదివినదాన్ని కాబట్టి నాకిది మోతాదు సమస్యలా అనిపిస్తుంది. ఓటర్లకూ అలాగే అనిపించినట్టుంది. 2012లో ప్రొపొజిషన్ 28తో మొత్తం 14 ఏళ్లను 12కి తగ్గించారు, కానీ ఆ పన్నెండూ ఒకే సభలో గడపొచ్చన్నారు. ఆ తర్వాత ఆంథొనీ రెండన్ 2016 నుంచి 2023 దాకా స్పీకర్‌గా ఉండగలిగారు.

"ఓటే గడువు కదా, మన దగ్గర ముఖ్యమంత్రులకు పరిమితి ఉందా?" అంటారు కొందరు. నిజమే, లేదు. అయినా ఆంధ్రలో 2019లో, 2024లో, తెలంగాణలో 2023లో జనం ప్రభుత్వాలను దించేశారు. ఇక్కడ ప్రతినిధుల సభకు మళ్లీ పోటీచేసేవారిలో సాధారణంగా 90 శాతానికి పైగా గెలుస్తారు. ఓటు ఒక్కటే చాలదనడానికి అదే కారణం.

కాంగ్రెస్‌కు గడువు పెట్టడం మాత్రం రాష్ట్రాల చేతుల్లో లేదని 1995లో సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. రాజ్యాంగ సవరణే కావాలి. మామూలు దారిలో దానికి ఉభయ సభల్లో మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి. అంటే తమ కుర్చీకి తామే గడువు రాసుకోవాలి!

నా ఓటు పన్నెండేళ్లకే. రేపు మన పిల్లలు పోటీచేయాలంటే ఖాళీ సీటుండాలి. వాళ్ల కాలేజీ ఫీజులు తేల్చే సభలో బడ్జెట్ తెలిసినవాళ్లూ ఉండాలి.