చూలాలి నిద్ర



మన యిండ్లలో గర్భిణికి తినదగినవియు తినరానివియు బోధించువారు పలువురు కలరు. రాత్రి యామె యెట్లు నిద్రించుచున్నదని విచారించువారు మాత్రము తక్కువ. విచారించినవారును తరచుగా భయమునే మిగిల్చి పోవుదురు. "వెల్లకిల పరుండకుము, బిడ్డ మెడకు ప్రేవు చుట్టుకొనును. ప్రక్క మార్చవలెనన్న లేచి కూర్చుండి మరల పరుండుము" అని చెప్పి దీపమార్పుదురు. ఆ మాట విన్న తొలిచూలు పిల్ల కదలుటకు జంకి, కంటికి కునుకు రాక, తెల్లవారువరకు గడియలు లెక్కించును. కావున ఈ మాసమున ఆ సంగతినే కొంత విచారింతము.

ఈ హితవు నిన్న మొన్నటిది కాదు. వెల్లకిల పరుండెడి గర్భిణియొక్క శిశువునకు నాభినాళము కంఠమును చుట్టుకొనునని చరకసంహితలోని శారీరస్థానమున చెప్పబడియున్నది. హితవు మంచిదే; దానికి చూపిన కారణము మాత్రము నేటి వైద్యశాస్త్రమునకు సరిపడదు. శిశువు గర్భజలములో తనంత తాను తిరుగాడుటవలన నాళము చుట్టుకొనునే కాని, తల్లి ప్రక్క మార్చుటవలన కాదు. నూటికి సుమారు ఇరువదిమంది శిశువులు మెడకు నాళము చుట్టుకొనియే పుట్టుదురు. వారిలో చాలమందికి దానివలన ఏ హానియు కలుగదు. కావున ప్రక్క మార్చినప్పుడెల్ల లేచి కూర్చుండ నక్కరలేదు.

మరి వెల్లకిల ఏల కూడదు? కాళ్లనుండియు కటిప్రదేశమునుండియు రక్తమును హృదయమునకు చేర్చు పెద్ద సిర యొకటి వెన్నెముకను ఆనుకొని కుడి ప్రక్కగా పోవుచున్నది. అయిదవ నెల గడచినది మొదలు గర్భాశయము బరువెక్కును. తల్లి వెల్లకిల పరుండినప్పుడు ఆ బరువంతయు ఈ సిరమీద పడును. అప్పుడు హృదయమునకు వచ్చు రక్తము తగ్గును. గర్భాశయమునకు పోవు రక్తమును తగ్గును. కొందరికి తల తిరుగుట, చెమట పట్టుట, కడుపులో త్రిప్పుట కలుగును. ఈ యవస్థను 1953వ సంవత్సరమున అమెరికా వైద్యులు కొందరు వర్ణించి దానికొక పేరిడిరి. ప్రక్కకు ఒత్తిగిలినంతనే ఆ భారము తొలగి ప్రాణము తెప్పరిల్లును. పూర్వుల మాట నిలిచినది. అందులోని భయము మాత్రము తొలగినది.

పరిశోధకులు దీనిని లెక్కలతోను పరీక్షించిరి. న్యూజీలండు, ఆస్ట్రేలియా, బ్రిటను, అమెరికా దేశములలో జరిగిన అయిదు పరిశోధనల ఫలితములను 2019లో ఒకచోట చేర్చి చూచిరి. ఏడవ నెల మొదలు కడుపులోనే బిడ్డను పోగొట్టుకొన్న 851మంది తల్లులను, గర్భము నిలిచియున్న 2,257మందిని పోల్చిరి. వెల్లకిల పరుండి నిద్రకు ఉపక్రమించినవారియందు ఆ ప్రమాదము సుమారు రెండున్నర రెట్లు కనబడినది. ఎడమ ప్రక్కకును కుడి ప్రక్కకును మాత్రము భేదము కనబడలేదు. ఆ సంవత్సరముననే అమెరికాలో 8,700మందికి పైగా తొలిచూలు స్త్రీలను పరిశీలించి ప్రకటించిన మరియొక పరిశోధనలో, 30 వారములవరకు నిద్రించు తీరువలన కీడు కలిగినట్లు కనబడలేదు.

దీనినుండి మనము గ్రహింపవలసినది స్వల్పము. మొదటి నెలలలో ఎట్లు సుఖమనిపించిన నట్లు పరుండవచ్చును. కడుపు అడ్డురానంతవరకు బోరగిల పరుండినను దోషము లేదు. 28 వారములు నిండినది మొదలు, అనగా ఏడవ నెల నడుచు దినములనుండి, ఏదేని యొక ప్రక్కకు ఒత్తిగిలి నిద్రకు ఉపక్రమింపవలెను. పగటి కునుకునకును, రాత్రి మేల్కొని మరల పరుండునప్పుడును ఇదియే నియమము. మనుష్యుడు నిద్రకు ఉపక్రమించిన భంగిమలోనే రాత్రి హెచ్చుకాలము గడపును. అందుచేతనే ఆ మొదటి భంగిమకు ప్రాధాన్యము. నడురేయి మెలకువ వచ్చి వెల్లకిల నున్నట్లు తెలిసినచో కంగారు పడనక్కరలేదు. నెమ్మదిగా ప్రక్కకు తిరిగి మరల కన్ను మూయవలెను. నిద్రలోని కదలికకు ఎవ్వరును బాధ్యులు కారు.

ఈ కడపటి మాటను గట్టిగా చెప్పుటకు కారణము కలదు. నేనెరిగిన యొక గృహిణికి ఎనిమిదవ నెలలో బిడ్డ దక్కలేదు. పరామర్శకు వచ్చిన యొకామె, "ఆ రాత్రి నీవెట్లు పరుండితివి?" అని యడిగినది. అడిగిన యామె కాఫీ త్రాగి వెడలిపోయినది. ఆ ప్రశ్న మాత్రము ఆ యింటనే నిలిచిపోయి, యా తల్లిని సంవత్సరములతరబడి వేధించినది.

రామాయణము బాలకాండమున దితి కథను మీరు వినియే యుందురు. వేయేండ్ల వ్రతములో ఇక పదియేండ్లే మిగిలియుండెను. అట్టి సమయమున అలసిన యా గర్భిణి, తల యుండవలసినచోట కాళ్లుంచి, పట్టపగలు నిద్రించెను. అంతవరకు పరిచర్య నెపమున కాళ్లొత్తుచు కనిపెట్టుకొనియున్న ఇంద్రుడు ఆ సందున గర్భమున ప్రవేశించి దానిని ఏడు తునియలు చేసెను. నిద్రించినది దితి; ఖండించినవాడు ఇంద్రుడు. అయినను మేల్కొన్న తల్లి తప్పు తనదేయని పలికెను. నాకు ఈ కథలో మిక్కిలి దుఃఖము కలిగించునది ఖండనము కాదు, ఆ మాటయే. నేటికిని మన తల్లులు ఆ మాటనే పలుకుచున్నారు. గర్భము నిలువకపోవుటకు కారణములు అనేకములు. పెక్కుమారులు వైద్యులకును కారణము దొరకదు. ప్రక్కకు ఒత్తిగిలి పరుండుట మన చేతిలోనున్న యొక చిన్న రక్షణ మాత్రమే. దానిని ముందునకు ఉపయోగింపవలెను గాని, జరిగిపోయినదానికి నేరముగా ఎవరి మీదను మోపరాదు.

ఇక సుఖముగా పరుండు విధము. దీనికై అంగడిలో వింత దిండ్లు కొననక్కరలేదు. పాత నూలుచీరలు మడిచి కుట్టిన బొంతలును, రెండు మూడు మామూలు దిండ్లును చాలును. ఒత్తిగిలి, మోకాళ్లు కొంచెము ముడిచి, రెండు మోకాళ్ల నడుమ ఒక దిండు నుంచుకొనవలెను. నడుమునకును తొంటికిని బరువు తగ్గును. కడుపు క్రింద పలుచని మడత యొకటి త్రోసిన బిడ్డ బరువునకు ఆనుడు దొరకును. వీపు వెనుక ఒక దిండు చేర్చిన, నిద్రలో వెల్లకిల తిరిగినను శరీరము కొంత ఒరిగియే యుండును. ఒక తొంటి నొప్పెట్టినప్పుడు రెండవ ప్రక్కకు మారవలెను.

నులకమంచము నడుమ క్రుంగియున్నచో నులక బిగించుకొనుడు. గుంతవంటి మంచము నడుము నొప్పిని హెచ్చించును. చాపమీద పరుండువారు అడుగున బొంత దట్టముగా వేసికొనవలెను. లేచునప్పుడు నిట్టనిలువుగా లేవక, ప్రక్కకు తిరిగి, చేతిని నేలకు ఊని లేవవలెను. గుండెలో మంట, పులిత్రేపులు బాధించువారు నిద్రకు రెండు మూడు గంటల ముందే భుజించి, తల వైపు ఎత్తు చేసికొని, ఎడమ ప్రక్కకు పరుండిన ఉపశమనము కలుగును. పిక్క పట్టుకొన్నప్పుడు మోకాలు చాచి, పాదమును ముఖము వైపునకు వంచిన సడలును. మంచినీరు పగలు సమృద్ధిగా త్రాగి, పరుండబోవు ముందు తగ్గించినచో రాత్రి లేచుట కొంత తగ్గును. వైద్యుని యనుమతి లేక నిద్రమాత్ర ముట్టరాదు.

అత్తగార్లకును, భర్తలకును ఒక మనవి. పై మాటలన్నియు పాటించుటకు గర్భిణికి మొదట కావలసినది చోటు. పిల్లలనడుమ ఇరుకున పరుండు స్త్రీ ఏ ప్రక్కకు తిరుగగలదు? ఆమెకు గోడ వైపు కాక, లేచిపోవుటకు వీలగు చోటు నిండు. పెద్దపిల్లను మీ ప్రక్కకు తీసికొనుడు. ఇంటిలోని మంచి దిండ్లు ఈ మూడు నెలలు ఆమెకు విడువుడు. రాత్రి నిద్రలేనిదానిని తెల్లవారుజామున లేపి ముగ్గు వేయలేదని తప్పుపట్టకుడు.

కడపట ముఖ్యమైన మాట. బిడ్డ కదలిక మునుపటికన్న తగ్గినను, విడువని తలనొప్పియు, ముఖము వాపును, కన్నులు మసకబారుటయు కలిగినను, దద్దురు లేకయే అరచేతులు, అరికాళ్లు రాత్రులందు మిక్కిలి దురద పెట్టినను, తెల్లవారనిమ్మని యాగక అప్పుడే ఆసుపత్రికి పోవలెను. ఆ సమయమున ఇంటివారి నిద్ర చెడునని సంకోచింపకుడు, లేపుడు.